ఊక దారి

ఇప్పపూలు రాలే రోజుల్లో ఆ అడవి అంచున గాలి కూడా కాస్త తూలుతుంది. వంటపాక అరుగు మీద కూర్చున్న తిరుపతికి తను పూర్తిగా మేలుకునే ఉన్నాడా అని ఒక క్షణం సందేహం కలిగింది. ఎదురుగా ఆవరణలో, రెండు కళ్ళూ పోయిన ముసలి ఎద్దు నేల మీద పరిచిన ఊక వెంబడి ఎవరూ తోలకుండానే నడిచి వెళ్ళి, నీళ్ళ తొట్టి ముందు ఆగి, తల వంచింది. దాని వెనకే నడుము చచ్చుబడిన మేక ఒకటి చిన్న చక్రాల బండిని ఈడ్చుకుంటూ పోయింది. ఏదీ దేనికీ తగలడం లేదు. ఏదీ తొందరపడటం లేదు. కలలో మనం తిరిగే ఇళ్ళు ఇలాగే ఉంటాయనుకున్నాడు. ఎప్పుడూ చూడని గదులే, అయినా కాళ్ళకు దారి తెలుసు.

"టీ తీసుకోండి బాబూ."

పద్మావతమ్మ గ్లాసు తెచ్చి అతని కుడిచేతి పక్కన బల్ల మీద పెట్టింది. పెట్టి, గోటితో బల్లను రెండుసార్లు తట్టింది. కొంగుతో చెయ్యి తుడుచుకుని ఎదుటి స్తంభానికి ఆనుకుని కూర్చుంది. అరవై దాటిన మనిషి. నిద్ర లేదని కళ్ళే చెబుతున్నాయి.

ఈ చోటును నడిపేది ఆమె చెల్లెలు సుజన. పశువుల డాక్టరు. ఉద్యోగం వదిలేసి, చర్ల రోడ్డుకు లోపలగా ఒక పాత మామిడి తోట కిరాయికి తీసుకుని, గుడ్డివి, కాళ్ళు విరిగినవి, ఎవరికీ అక్కర్లేని జంతువులను చేరదీసింది. మొన్న తెల్లవారుజామున తోట చివర పాడుబడిన మోటబావిలో పడింది. అడుగున బురద ఉండబట్టి ప్రాణం మిగిలింది. తలకు దెబ్బ తగిలి, భద్రాచలంలో ఒక దవాఖానాలో స్పృహ లేకుండా ఉంది.

కొట్టం నుంచి నీళ్ళ తొట్టికి పోయే ఊక దారిని రోజూ పరిచేది పక్క తండాకు చెందిన రూప్లి. ఆ ఉదయం ఆ దారిలోంచి ఒక పాయ చీలి బావి వైపు పోయి ఉంది. పోలీసులు రూప్లిని పట్టుకున్నారు. ఈ మధ్యాహ్నం కోర్టుకు తీసుకుపోతారు. ఆమె అన్న బిచ్యా నిన్న ఖమ్మం వచ్చి తిరుపతి గది తలుపు తట్టి ఒకే మాట అడిగాడు: "మా చెల్లె లోపటికి పోతే దాని పిల్లలకు నేనేం చెప్పాలె?"

లంబాడీ తండాలో పుట్టిన తిరుపతి ఒకప్పుడు కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పేవాడు. ఇప్పుడు ప్రైవేటు డిటెక్టివ్. ఒంటరిగా ఉంటాడు. మనుషులు చెప్పిన మాటలు అతనికి సాయంత్రానికల్లా పలచబడిపోతాయి. ఆ మాటలు చెబుతున్నప్పుడు వాళ్ళ చేతులు ఏం చేశాయో మాత్రం చాలా రోజులు గుర్తుంటుంది.

"మొన్న ఏం జరిగిందో చెప్పండమ్మా."

"ఏం చెప్పమంటారు! తెల్లారకముందే లేచి అన్నిట్నీ ఒకసారి పలకరించి రావడం దానికలవాటు. నేను లేవను. కుక్కలు ఒకటే అరుస్తుంటే మెలకువొచ్చింది. పిలిచాను, పలకలేదు. వెళ్ళి చూద్దును కదా..." ఆమె ఆగింది. "బావి గోడ మీద టార్చి వెలుగుతూ ఉంది."

"టార్చి ఎవరిది?"

"ఈ పాకలోదే. చీకట్లో వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళేది."

గోడకు సుజన ఫోటో ఉంది. తెల్ల గుర్రం మెడ మీద చెయ్యి వేసి, నల్లద్దాలు పెట్టుకుని నవ్వుతోంది.

"ఈ అద్దాలు ఎప్పుడూ పెట్టుకుంటరా?"

"ఎండ పడదండీ దానికి. చూపు మాత్రం బంగారం. ఇప్పటికీ సూదిలో దారం ఎక్కించేది."

తిరుపతి టీ ఒక గుక్క తాగాడు. అల్లం బాగా పడింది.

"మీ ఇద్దరికీ ఎట్లుండె?"

"ఎలా ఉంటుంది బాబూ, నేనెత్తుకుని పెంచిందే. నాకు పిల్లల్లేరు, ఆయన పోయారు. సత్తుపల్లిలో ఇల్లు తాళం వేసి దీని దగ్గరికొచ్చేశాను. చిన్నప్పుడు నా చెయ్యి వదిలేది కాదు. బడికైనా, సినిమాకైనా." ఆమె తన అరచేతిని తిప్పి చూసుకుంది. "ఇక్కడికొచ్చాక ఈ ఊక దారులు వేయించింది. ఇక దాని లోకం దానిది."

"రూప్లి మీద అనుమానమా మీకు?"

"నేనెవర్నీ అనను. పాపం, అదీ పిల్లల తల్లే. ఊక పోసేది మాత్రం అదొక్కతే."

గేటు దగ్గర కుక్కలు ఒక్కసారిగా లేచాయి. గేటు పక్క బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది: చెప్పులు బయట విడవండి. దగ్గరికి వచ్చే ముందు మీ పేరు చెప్పండి. ఏ వస్తువునూ ఉన్నచోటు నుంచి కదపకండి. సిఐ వెంకటకృష్ణ బోర్డు పక్కనుంచే బూట్లతో లోపలికి వచ్చాడు. పేరు చెప్పలేదు. ఎద్దు తొట్టి దగ్గర తల ఎత్తి, చెవులు అతని వైపు తిప్పి, కదలకుండా నిలబడిపోయింది.

"ఏమయ్యా సైకాలజీ సారూ, టీలు నడుస్తున్నయా? మనసు లోతులు కొలిచినవా?" అని, పద్మావతమ్మ వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "అమ్మా, దవాఖానా నుంచి ఫోనొచ్చింది. మీ చెల్లెలు కళ్ళు తెరిచిందట. మాట ఇంకా రాలేదు."

పద్మావతమ్మ లేచి నిలబడింది. ఆమె ముఖం మీద మొదట సంతోషం వచ్చింది, అది నిజమైనదే. దాని వెనకే ఇంకొకటి వచ్చింది. తిరుపతి దానికి పేరు వెతుకుతుండగానే ఆమె పాకలోకి వెళ్ళిపోయింది. తిరిగి వచ్చేసరికి చేతిలో ఫ్లాస్కు, స్టీలు గ్లాసు ఉన్నాయి.

"రాగిజావ. నా చేత్తో ఇస్తే తప్ప దిగదు దానికి."

"మా జీపులో పోండమ్మా. బస్సు కోసం ఎక్కడ నిలబడతరు," అన్నాడు సిఐ.

జీపు వెళ్ళాక లేచిన దుమ్ము చాలాసేపు గాలిలోనే నిలిచింది. సిఐ అరుగు మీద కూర్చుని బూటు దులుపుకున్నాడు.

"జీపు మళ్ళొచ్చేదాక నీ ఇష్టం. వచ్చినాక రూప్లి కోర్టుకు, నువ్వు ఖమ్మం బస్సుకు."

"అప్పటిదాక మీ కేసు నిలబడితే గద సార్."

"నిలబడకేమయ్యా? తండా గొడ్లను తోటలకు రానియ్యలేదని పోయిన నెల వాళ్ళన్న డాక్టరమ్మ తోటి కయ్యం పెట్టుకున్నడు. చెల్లె కచ్చ పట్టింది. గుడ్డి గుర్రాన్ని బావిల పడేద్దామని ఊక అటు మళ్ళించింది. గుర్రం పోతుందనుకుని డాక్టరమ్మ ఉరికింది, కాలు జారింది. ఇందుల సైకాలజీ ఏముంది? మీ తండా మనిషని నీకు గొంతు దిగుతలేదు, అంతే."

"మా తండా మనిషని మీకు జల్దీ దిగింది సార్."

సిఐ అతని వైపు ఒక క్షణం చూసి, పకపకా నవ్వాడు. ఆ నవ్వులో మోసం లేదు. ఈ మనిషి చెడ్డవాడు కాదు, తను అనుకున్నది అయిపోవాలనే తొందర ఉన్నవాడు, అనుకున్నాడు తిరుపతి.

కోర్టుకు ముందు సిఐ వెంట తెచ్చిన రూప్లి వైద్యం గది ముందు నేల మీద కూర్చుని ఉంది. పక్కన కానిస్టేబుల్ సరళ. తిరుపతిని చూడగానే రూప్లి లేచింది. లంబాడీలో అడిగితే ఆమె ఇంకా తేలిగ్గా మాట్లాడేది. కానీ సిఐకి అర్థం కాని ప్రతి మాటా ఆమెకు విరోధమే అవుతుందని తెలుగులోనే అడిగాడు.

"చెల్లె, ఆ సాయంత్రం ఊక ఎట్ల పోసినవ్?"

"రోజు పోసినట్టే అన్నా. కొట్టం కాడికెంచి తొట్టి దాక. జోడు గంపలు పక్కపక్కకు గుమ్మరిస్త. గుర్రం, బర్రె, నాలుగు కాళ్ళు పట్టాలె గద. కింద మొరం గరుకు, పైన ఊక మెత్తగ. మెత్తగున్నంత సేపు నడుస్తయి, గరుకు తగిలితే ఆగుతయి. పోసి, నీళ్ళు చల్లి, ఇంటికి పోయిన."

"బావి దిక్కు?"

"బావి దిక్కు నేనెందుకు పోస్తనన్నా? నా చేతుల మీద తినే గుర్రమది."

"నువ్వు పొయ్యకుంటే ఊక తనంతట తనే నడిచిపోయిందా?" అన్నాడు సిఐ.

"తనంతట తను నడుస్తదని నేనన్నానా సార్? ఎవరో పోసిండ్రంటున్న. నేను గాదంటున్న. గంతే." ఆమె కంట్లో నీళ్ళున్నాయి, గొంతులో లేవు. "తీసుకపోతే తీసుకపోండ్రి. గానీ సాయంత్రం వీటికి ఊక ఎవరు పోస్తరో అది చెప్పి తీసుకపోండ్రి."

సరళ మొహం పక్కకు తిప్పుకుంది.

వైద్యం గదిలో చల్లగా ఉంది. అరలో మందుల సీసాలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ప్రతి సీసా మెడకు దారం కట్టి ఉంది, దారానికి ముడులు.

"ఇవేంది?"

"డాక్టరమ్మ కట్టుకునేది. ఒక ముడిది పుండ్ల మందు, రెండు ముళ్ళది జరానికి. మూడు ముళ్ళది..." రూప్లి వేలు అర మీద ఒకచోట ఆగింది. అక్కడ సీసా లేదు. "మూడు ముళ్ళది గుర్రాన్ని పండబెట్టే మత్తుమందు. గోలీలు. ఎక్కువైతే గుర్రమే లేవదు, ముట్టొద్దనేది. ఎటు పోయింది?"

"ఇప్పుడు దొంగతనం గూడ ఎక్కిందా నీ మీద?" అన్నాడు సిఐ.

తిరుపతి వంగి చూశాడు. ఇప్పపూలు ఏరుకునేవాళ్ళు చెట్ల కింద ఎండుటాకులు తగలబెడతారు. ఆ బూడిద రోజంతా సన్నగా రాలి అన్నిటి మీదా పరుచుకుంటుంది. అర మీదా ఉంది. సీసా ఉండాల్సిన చోట మాత్రం నల్లగా, శుభ్రంగా, గుండ్రటి మచ్చ.

"ఆమె మొన్నటి నుంచి మీ కాడనే ఉంది గద సార్. ఇది పొద్దున పోయిన సీసా. బూడిద ఇంకా పడలే."

సిఐ జేబులోంచి రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

బావి తోట చివర ఉంది. ఒకప్పుడు ఎద్దులతో నీళ్ళు తోడిన బావి. మూడు వైపులా గోడ, మోట దిగే నాలుగో వైపు ఖాళీ. ఆ ఖాళీకి అడ్డంగా ఎప్పుడూ వెదురు తడిక కట్టి ఉంటుందని రూప్లి చెప్పింది. ఇప్పుడా తడిక గోడకు ఆనించి ఉంది. తాళ్ళు తెగలేదు, ముడులు విప్పి ఉన్నాయి. కచ్చతో వచ్చిన మనిషి తాడు కోస్తాడు. కూర్చుని ముడి విప్పిన మనిషి లోపల ప్రశాంతంగా ఉన్నట్టు. లేదా, అది ప్రశాంతతే అని తనను తాను నమ్మించుకున్నట్టు.

"టార్చి ఎక్కడుండె సార్?"

సిఐ గోడ మీద సుద్దతో గీసిన గుర్తు చూపించాడు. "ఇగో, ఇక్కడ. వెలుగు బావి దిక్కు."

"టార్చి చేతిలో పట్టుకుని వచ్చిన మనిషికి ఇంత పెద్ద బావి కనబడదా?"

"ఉరికొచ్చింది. కాలు జారింది."

"జారితే టార్చి తోటి పడాలె. లేకుంటే టార్చి చేతిలోంచి ఎగిరి ఎటన్న పోవాలె. గోడ మీద సక్కగ పెట్టి ఉందంటే, బావి ఉందని చూసే పెట్టింది. చూసినామె ఎందుకు పడ్డది?"

"నీకు ప్రతిదీ చిక్కుముడే! మనుషులు పడతరయ్యా. నేను మా బాత్రూంల పడ్డ, లైటు ఎలుగుతనే ఉండె."

తిరుపతికి నవ్వొచ్చింది. కాని మనసు ఊక మీదే ఉంది. కొట్టం నుంచి తొట్టికి పోయే దారి మధ్యలో ఒకచోట చీలి, బావి వైపు ఒక పాయ పోయింది. ఆ పాయ అంతా ఇప్పుడు చెదిరిపోయింది. ఆ ఉదయం సుజనను పైకి తీయడానికి పరుగెత్తిన కాళ్ళు, గాలి, కుక్కలు. కంటికి అంతా ఒకే పసుపు. ఎక్కడ ఎవరో పోశారో, ఎక్కడ దానంతటదే చిందిందో తెలియదు.

"గుర్రాన్ని తీసుకురా చెల్లె," అన్నాడు.

"ఏంది, సాక్ష్యం చెప్పిస్తవా?"

"అవ్ సార్."

ఒకప్పుడు పెళ్ళి ఊరేగింపుల్లో తిరిగిన గుర్రం అది. తురాయిలు, బ్యాండు, టపాకాయలు. ఒక ఊరేగింపులో నిప్పురవ్వలు ఒక కంట్లో పడ్డాయి, రెండోది దాని దిగులుతో పోయిందని సుజన అనేదట. రూప్లి ముందుగా తన పేరు చెప్పి, తర్వాత గుర్రం పేరు పిలిచింది. బిజిలీ మెడ చాచింది.

"నీ పేరు చెప్పన్నా. లేకుంటే బెదురుతది."

"తిరుపతి," అన్నాడతను. ఎవరికైనా తన పేరును అంత నెమ్మదిగా, అంత పూర్తిగా చెప్పి చాలా కాలమైందనిపించింది. గుర్రం అతని భుజాన్ని వాసన చూసి ఒప్పుకుంది.

అతను చెప్పులు విడిచి, తువ్వాలుతో కళ్ళకు గంతలు కట్టుకున్నాడు. వెనక సిఐ సరళతో ఏదో అంటున్నాడు, సరళ నవ్వాపుకుంటోంది. ఆ గొంతులు కాస్త దూరమయ్యాయి. జూలులో వేళ్ళు దూర్చి గుర్రంతో పాటు నడిచాడు.

మొదట భయం. తర్వాత, భయం ఉన్నచోటే, వింతగా, విశ్రాంతి. ఊక చల్లగా, పాదం కింద కొంచెం కుంగి, మళ్ళీ పైకి నెడుతోంది. ఇప్పపూల తీపి వాసన ఎడమ నుంచి వస్తోంది, అంటే అడవి ఎడమ వైపు. నీటి చెమ్మ ఎదుటి నుంచి వస్తోంది, అంటే తొట్టి. కళ్ళున్న లోకం ఎప్పుడూ మనిషిని దూరంగా నిలబెడుతుంది. ఈ లోకం వచ్చి ఒంటికి ఆనుకుంటోంది. ఇక్కడ ఎవరికైనా ఇల్లు దొరుకుతుంది, అనుకున్నాడు. సుజనకు దొరికినట్టు. ఆ ఆలోచన ఎందుకొచ్చిందో అతనికి అర్థం కాలేదు.

గుర్రం ఆగిపోయింది.

"ఇక్కడ్నే చీలింది," అంది రూప్లి ఎక్కడి నుంచో.

అతను దాన్ని బావి పాయ వైపు మెల్లగా మళ్ళించాడు. గుర్రం ఒక అడుగు వేసింది. దాని ఎడమ గిట్ట గరుకు మొరం మీద పడిన చప్పుడు వినిపించింది. వెంటనే వెనక్కి తీసుకుంది. మళ్ళీ వేసి చూసింది, మళ్ళీ తీసుకుంది. తల అడ్డంగా ఊపి, ఇక కదలనంది.

తిరుపతి జూలు వదిలేసి ఒక్కడే ముందుకు నడిచాడు. కంటికి తెలియనిది పాదానికి తెలిసింది. పైన చిందిన పొడి ఊక కింద, నీళ్ళు చల్లి తొక్కిన మందపాటి వరస ఒకటి ఉంది. అది ఒక్క గంప వెడల్పే. గుర్రం ఎడమ కాళ్ళూ కుడి కాళ్ళూ కలిపి అందులో పట్టవు. కానీ అతని రెండు పాదాలు హాయిగా పట్టాయి. ఒక అడుగు, మరో అడుగు. ఎవరో చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నట్టుగా ఉంది. అంత మెత్తగా, అంత ప్రేమగా. ఇలా ఎంత దూరమైనా పోవచ్చు...

"అన్నా, ఆగు!"

అతని కాలివేళ్ళ కింద ఏమీ లేదు. అదే క్షణంలో వెనక నుంచి ఒక చెయ్యి చొక్కా కాలరు పట్టి లాగింది. వెనక్కి విరుచుకుపడ్డాడు. తువ్వాలు జారిపోయింది. ముఖం మీద వంగిన సిఐ ముఖం ఎర్రగా ఉంది.

"నువ్వు జస్తే నా మీదికి రాదా? తలకాయుందా నీకు? కాళ్ళ తోటి పంచనామా రాస్తవా?"

"రాసిన సార్," అన్నాడు తిరుపతి రొప్పుతూ. "మీరూ చూసిండ్రు. గుర్రం రాలే. నేనొచ్చిన."

"అయితే?"

"ఈ దారి నాలుగు కాళ్ళ కోసం పోసింది గాదు. రెండు కాళ్ళ కోసం పోసింది. రూప్లి పోస్తే జోడు గంపలు పోస్తది, ఆమె చెయ్యికి అదే అలవాటు. ఇది పోసినోళ్ళకు గుర్రం సంగతి పట్టలే. వాళ్ళకు కావాల్సింది ఒక మనిషి."

"ఊక ఎటుంటే అటు పోనీకి మనిషి గుడ్డిదా..." అని సిఐ మాట మధ్యలో ఆపేశాడు.

దూరంగా మేక బండి చక్రం కిర్రుమంది.

తిరుపతి లేచి కూర్చున్నాడు. "చెల్లె, ఒక మాట అడుగుత. డాక్టరమ్మ నీతోని మాట్లాడేటప్పుడు నీ మొహం దిక్కు చూసేదా?"

రూప్లి ఆలోచించింది. "లేదన్నా. పక్కకు చూసేది. పెద్దోళ్ళు మా మొహాలేం చూస్తరు, గట్లనే ఉంటరనుకున్న."

ఆ మాట అన్నాక ఆమెకే ఏదో అర్థమై, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. సరళ కూడా రూప్లి వైపు చూసి తల దించుకుంది.

తిరుపతి గేటు వైపు చూశాడు. బోర్డు వెనక భాగం మాత్రమే కనిపిస్తోంది. అయినా అక్షరాలు కళ్ళ ముందే ఉన్నాయి. పేరు చెప్పి రండి. ఏదీ కదపకండి. అవన్నీ జంతువుల కోసమని అందరూ అనుకున్నారు. తన అవసరాలను సుజన ఇన్ని మూగ జీవాల చాటున దాచుకుంది. నల్లద్దాలు, ముడులు వేసిన సీసాలు, ఊక దారులు. తెలిస్తే ఇక్కడ ఉండనివ్వరు. జాలిపడి ఇంటికి తీసుకుపోతారు. చీకటికి ఒక ఊరు కట్టుకుని అందులో ఎవరికీ అనుమానం రాకుండా బతికింది.

"ఆమెకు చూపు పోయి చాన్నాళ్ళయి ఉంటది సార్. పొద్దుగాల చీకట్ల చెప్పుల్లేకుండ ఊక పట్టుకునే తిరిగేది. అట్లాంటామెకు టార్చెందుకు? అది ఆమె కోసం పెట్టింది గాదు. మన కోసం పెట్టింది. ఆమెకు కనబడతదని మనమనుకోవాలె. అట్లనుకుంటే ఈ ఊక గుర్రానికే అనుకుంటం. గుర్రానికంటే, రూప్లే అనుకుంటం."

సిఐ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. మొదటిసారి అతని గొంతులో వెటకారం లేదు. "మరి ఆమె గుడ్డిదని ఎవరికి ఎరుక? రూప్లికే ఎరుక లేకపాయె. వాళ్ళక్కకు గూడ తెల్వదు గద. సూదిల దారం ఎక్కించేదని నాక్కూడ చెప్పింది..."

"నాక్కూడ చెప్పింది. నేను చూపు గురించి అడగనే లేదు."

మాట బయటికి వచ్చాక అది అతనికే వినిపించింది. దానితో పాటు ఇంకొకటి కూడా. పొద్దున విని పక్కన పడేసిన చిన్న చప్పుడు.

"సార్, వాళ్ళక్క మీకు టీ ఇచ్చిందా?"

"ఇచ్చింది. నిన్న."

"గ్లాసు పెట్టి ఏం చేసింది?"

సిఐ నుదురు చిట్లించాడు. తర్వాత అతని కుడిచెయ్యి, అతనికి తెలియకుండానే, బావి గోడ మీద గోటితో రెండుసార్లు తట్టింది.

"చాదస్తమనుకున్న," అన్నాడు మెల్లగా.

"కళ్ళున్నోళ్ళకు గ్లాసు ఎక్కడుందో చప్పుడు చేసి ఎవరన్న చెప్తరా సార్? జంతువులు టీ తాగవు. ఈ ఇంట్ల ఆ చప్పుడు కావాల్సింది ఒక్కరికే. వాళ్ళక్క ఎవరికి గ్లాసు పెట్టినా అట్లనే తడుతది. చెయ్యికి అలవాటైపోయింది."

అరచేతిని తిప్పి చూసుకున్న ముసలి మనిషి అతని కళ్ళ ముందు మెదిలింది. నా చెయ్యి వదిలేది కాదు. చెల్లెలికి చూపు పోతున్న రోజుల్లో ఆ చెయ్యి మళ్ళీ నిండింది. ఎవరికీ చెప్పని రహస్యం ఇద్దరి మధ్య కాపురం చేసింది. తర్వాత ఊక దారి వచ్చి, చెల్లెలికి అక్క అవసరం లేకుండా చేసి, ఆ చేతిని ఖాళీ చేసింది. చెల్లెలు కళ్ళు తెరిచిందని విన్నప్పుడు ఆ ముఖం మీద సంతోషం వెనక వచ్చినదానికి ఇప్పుడు అతనికి పేరు దొరికింది. అది భయం. మాట వస్తే సుజన ఏం చెబుతుందో ఆమెకు తెలుసు. తన పాదాల కింద ఊక ఎటు మళ్ళిందో చెబుతుంది.

"సార్, మూడు ముళ్ళ సీసా..."

"ఫ్లాస్కు," అన్నాడు సిఐ.

సెల్‌ఫోను సిగ్నలు నీళ్ళ ట్యాంకు మెట్ల పైన తప్ప ఎక్కడా రాదు. సిఐ అటు పరుగెత్తాడు, వెనకే తిరుపతి. దారిలో రూప్లి అడ్డం వస్తే, "నువ్వు కూసో," అని, రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి, "కూసునుడు కాదు, ఇంటికి పో తల్లీ," అని అరిచి మళ్ళీ పరుగెత్తాడు. రూప్లి ఇంటికి పోలేదు. బిజిలీ మెడ పట్టుకుని అక్కడే నిలబడింది.

జీపు ఎప్పుడో బయలుదేరింది. ఈపాటికి భద్రాచలం చేరి ఉంటుంది. సిఐ నర్సు నంబరు కలిపి స్పీకరు పెట్టాడు.

"సిస్టర్, సుజన కాడ ఎవరున్నరు?"

"వాళ్ళక్క వచ్చిండ్రు సార్, ఇప్పుడే. మస్తు ఏడ్చిండ్రు పాపం. జావ పోస్తున్నరు."

"ఆపు! తాగనియ్యకు. గ్లాసు గుంజుకో!"

"ఏంది సార్? ఇనబడ్తలే, నేను కిటికీ కాడికి..."

నర్సు గొంతు వెనక, ఎక్కడో కొంచెం దూరంగా, స్టీలు స్టూలు మీద గోరు తగిలిన చప్పుడు. టక్, టక్.

"సార్, డాక్టరమ్మ చెయ్యి చాపుతుంది సార్!" నర్సు సంతోషం పట్టలేకపోతోంది. "పొద్దటి నుంచి వేలు కదల్లే. ఇప్పుడు చూడుండ్రి, గ్లాసు దిక్కు సక్కగ..."

"ఫోను స్పీకరు పెట్టి పేషెంటు చెవి కాడ పెట్టు! జల్దీ!" అన్నాడు సిఐ. అది మాత్రం వినపడినట్టుంది. గరగర శబ్దం, అడుగులు, తర్వాత మరొక మనిషి ఊపిరి.

తిరుపతి ఫోను అందుకున్నాడు. అరిస్తే ఆమె బెదురుతుంది. బెదిరిన మనిషి తెలిసిన చప్పుడు వైపే పోతుంది. బోర్డు మీద ఆమె రాయించిన మాట ఒక్కటే ఇప్పుడు పనికొస్తుంది.

"సుజన గారూ. నా పేరు తిరుపతి," అన్నాడు, గుర్రానికి చెప్పినంత నెమ్మదిగా. "నేను బిజిలీ పక్కన నడిచి వచ్చిన. రూప్లి పోసిన దారి ఎక్కడ ఆగిందో, మీ కోసం పోసిన దారి ఎక్కడ మొదలైందో నా కాళ్ళకు తెలిసింది. ఆ గ్లాసు ముట్టకండి."

అటు ఊపిరి ఒక్కసారి ఆగి, మళ్ళీ మొదలైంది. అప్పుడు ఫోనుకు చాలా దగ్గరగా, ఇంకొక గొంతు, ఎంతో మెత్తగా వినిపించింది.

"అక్కని. తాగమ్మా."

తర్వాత స్టీలు గ్లాసు నేల మీద పడిన చప్పుడు. అది మంచం కిందికి దొర్లుకుంటూ పోయింది. నిండు గ్లాసు పడితే ఒక చప్పుడు. ఖాళీ గ్లాసు పడితే వేరొక చప్పుడు. నీళ్ళ ట్యాంకు మెట్ల మీద తిరుపతి కళ్ళు మూసుకుని, ఇది ఆ రెండింటిలో ఏదో తేల్చుకోవడానికి చెవులు రిక్కించి నిలబడ్డాడు.